మీటరు లేని ఇల్లు

మా ఇంటికొచ్చినవాళ్లు ఫ్యాను కింద కూర్చుంటారు, ఫోను చార్జింగుకి పెట్టుకుంటారు, టీ తాగుతారు. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ గుమ్మం పక్క గోడకేసి చూస్తారు. అక్కడ మీటరు ఉండదు. "మరి బిల్లెంతొస్తంది?" అని అప్పుడు అడుగుతారు. రాదంటే నమ్మరు. కొందరైతే, తీగ మీద కొక్కెం ఎక్కడేశావో చెప్పవయ్యా అన్నట్టు నవ్వుతారు. కొక్కెం వెయ్యడానికైనా తీగ ఉండాలి కదా. మాకు దగ్గర్లో ఉన్న స్తంభం 900 మీటర్ల దూరంలో ఉంది.

ప్రకాశం జిల్లా సింగరాయకొండ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న పాకల వైపు వచ్చి, తారురోడ్డు దిగి ఇసుక బాట పట్టుకుంటే మా సరుగుడు తోట వస్తుంది. అందులో రెండు గదుల ఇల్లు, ఒక రేకుల కొట్టం, 4 బర్రెలు. మనుషులం ముగ్గురం, నేను, మా ఆవిడ, మా అమ్మ. 24 ఏళ్లు మోటార్లు చుట్టి బతికాను. బోరు మోటార్లు, పిండిమిల్లు మోటార్లు, రొయ్యల గుంటల నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు, ఏది కాలినా నా షాపు గుమ్మంలోనే పడేసి పోయేవాళ్లు. వార్నిష్ వాసనకి ఆయాసం మొదలయ్యాక డాక్టరు ఇక చాలన్నాడు. 2021లో షాపు మా మేనల్లుడికి అప్పజెప్పి చేలోకి వచ్చేశాం. ఇక్కడిదాకా లైను లాగడానికి ఎంతవుతుందో కనుక్కుంటే, ఆ డబ్బుకి ఇంకో రెండు బర్రెలొస్తాయని మా ఆవిడ తేల్చింది. నాకేమో లోపల వేరే పొగరు. ఇన్నేళ్లు కరెంటుతోనే కాపురం చేసినవాణ్ణి, ఒక ఇంటికి కరెంటు నేను పుట్టించుకోలేనా అని. ఆ పొగరు దిగడానికి సరిగ్గా వారం పట్టింది.

మొదట తెచ్చింది లారీ నుంచి తీసిన పాత బ్యాటరీ, ఒక చిన్న ఇన్వర్టరు. లైట్లు వెలిగాయి. ఆ ఉత్సాహంలో మా ఆవిడ బకెట్టులో హీటరు కడ్డీ పెట్టి స్విచ్చేసింది. ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగింది. కడ్డీ వెయ్యి వాట్లది, అది ఆగక ఏం చేస్తుంది. సరే, పెద్ద ఇన్వర్టరు తెద్దామా అని అట్టముక్క మీద లెక్కేశాను. 20 లీటర్ల నీళ్లని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 0.6 యూనిట్ కావాలి. నా బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే మొత్తం 1.2 యూనిట్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి నా చేతికొచ్చేది 0.6. ఒక మనిషి ఒక బకెట్టు వేణ్ణీళ్లు పోసుకుంటే ఆ రాత్రికి ఇంట్లో దీపం ఉండదు.

అమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తా ఉంది. "ఎండలో పెట్టినా కాగుతయ్యి కదరా నాయనా, దానికింత సామానెందుకు?" అంది.

ఆ రోజు నుంచి వేడి అనే పనికి బ్యాటరీని ముట్టలేదు. వంటకి, నీళ్లకి, దాణా ఉడకెయ్యడానికి వేరే దారులు వెతుక్కున్నాను. వెతుక్కున్నాను అనడం కూడా గొప్పే. సగం దారులు అమ్మకి ముందే తెలుసు.

మా నాన్న టంగుటూరులో చిన్న కాఫీ హోటలు నడిపేవాడు. అక్కడ పొయ్యంటే రంపపు పొట్టు పొయ్యే. నేను పుట్టకముందు నుంచి దాని మీద అమ్మ చెయ్యి తిరిగింది. 15 కిలోల నూనె డబ్బా ఒకటి తెమ్మంది, తెచ్చాను. పైమూత మొత్తం కోసేశాం. కింద అడుగుకి ఆనించి ఒక పక్క గుప్పెడు పట్టేంత బెజ్జం పెట్టాం. డబ్బా నడిమధ్యలో నిలువుగా ఒక నున్నటి కర్ర, బెజ్జంలోంచి అడ్డంగా ఇంకో కర్ర, రెండూ అడుగున ఒకదానికొకటి తగలాలి. ఇక చుట్టూ పొట్టు కూరాలి. అసలు పనితనమంతా ఇక్కడే. నేను తట్టతో గుమ్మరించి పైన అరచేత్తో అదిమాను. అంటించిన అరగంటకి లోపల గోడ కూలి, మంట ఆరి, కొట్టమంతా పొగ. బర్రెలు తాళ్లు తెంపుకునేంత పని చేశాయి.

మర్నాడు అమ్మ కూరింది. చారెడు పొట్టు పొయ్యడం, పిడికిలి బిగించి గుద్దడం, మళ్లీ చారెడు. ప్రతి వరసనీ గుద్దుతా, నడుమ కర్రని ఒక్క చుట్టు తిప్పుతా. కర్ర తిప్పకపోతే పొట్టు దాన్ని పట్టేసుకుంటుంది, తర్వాత లాగితే గోడతో సహా వచ్చేస్తుందట. అంచు దాకా నిండాక కర్రలు తిప్పుకుంటూ నిదానంగా తీసింది. లోపల నున్నటి సొరంగం, కుమ్మరి చేసినట్టు. కింది బెజ్జంలో ఎండు సరుగుడు ఆకు దూర్చి అంటించింది. 5 నిమిషాలు పొగ వచ్చింది. ఆ తర్వాత నిప్పు సొరంగం గోడని పట్టుకుని, గాలిని కిందనుంచి లాక్కుంటా గుర్రుమని సన్నటి చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. ఇక పొగ లేదు. మళ్లీ పుల్ల ఎగదొయ్యనక్కర్లేదు, ఊదనక్కర్లేదు. రెండున్నర గంటలు మండింది. అన్నం, పప్పు, చేపల పులుసు అయ్యాక బర్రెలకి ఉలవలు ఎక్కిస్తే అవీ ఉడికాయి.

పొట్టు మాత్రం కరకరలాడేంత ఎండాలి. సామిల్లులో పచ్చి కలప కోసినప్పుడు వచ్చే పొట్టు తడిగా ఉంటుంది, దాన్ని రెండ్రోజులు పట్ట మీద ఎండబెట్టాలి. శనక్కాయ పొట్టు కలిపితే మంట బాగుంటుంది కానీ ఒట్టి శనక్కాయ పొట్టు అయితే నిలవదు, కూలిపోతుంది. వానాకాలంలో పొట్టు నెమ్ముకున్న రోజులకి ఇటుకలతో రాకెట్ పొయ్యి ఒకటి పేర్చి పెట్టుకున్నాను. ల్యారీ వినియార్‌స్కీ అనే అమెరికా ఆయన 1980లలో దానికి రూపం కట్టాడు. కింద పుల్లలు పెట్టే నోరు, పైకి పొడుగాటి గొంతు, అంతే. గొంతు వేడెక్కి గాలిని పైకి గుంజుతుంది, పుల్లల కొసలు మాత్రమే కాలతాయి, పొగ గొంతులోనే మండిపోతుంది. నేను ఇది అమ్మకి చూపించి పెద్ద విషయంలా వివరించాను. "మా డబ్బానే కదరా ఇది, ఇటికెల్తో కట్టావు" అంది. కాదని వాదించడానికి నా దగ్గరేమీ దొరకలేదు. రెంటిలోనూ సొరంగం, రెంటిలోనూ కిందనుంచి గాలి.

స్నానాల నీళ్లకి ఎండే. 32 ఎంఎం నల్ల పైపు 30 మీటర్లు తెచ్చి రేకుల మీద చుట్టగా చుట్టి కట్టాను. ఆ పైపులో 18 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. మధ్యాహ్నం రెండింటికి కొళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం, చన్నీళ్లు కలుపుకోవాల్సిందే. గొడవల్లా ఏంటంటే, అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆమెకి వేణ్ణీళ్లు కావాల్సింది ధనుర్మాసంలో పొద్దున్నే. పైపులో నీళ్లు రాత్రికి రాత్రే చల్లారిపోతాయి. దానికి పాకలలో చేపల వ్యాపారం చేసే ఒకాయన దారి చూపించాడు, తెలియకుండానే. చేపలు ఐసులో పెట్టే పెద్ద థర్మాకోల్ పెట్టె మూల విరిగిందని పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం నాలుగింటికి పైపులో వేడినీళ్లు క్యాన్లలో పట్టి, ఆ పెట్టెలో సర్ది, మూత పెట్టి, పైన పాత బొంత కప్పుతాం. తెల్లారి అయిదింటికి తీస్తే మరీ వేడిగా కాదు గానీ గోరువెచ్చగా ఉంటాయి. అమ్మకి అది చాలు. మొదటి పది రోజులు నీళ్లు కొంచెం చేపల వాసన కొట్టాయని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పగటి వెలుతురు సంగతి ఇంకా తేలిక. మా కొట్టం మూడు పక్కలా తడికలు, పైన రేకులు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. పాలు పితకడానికి పగలే బల్బు వెయ్యడం నాకు మనసొప్పలేదు. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోసెర్ అనే మెకానిక్కు 2002లో కనిపెట్టిన సీసా దీపం గురించి ఎప్పుడో చదివాను. 2 లీటర్ల కూల్‌డ్రింకు సీసా, నిండా శుభ్రమైన నీళ్లు, పాచి పట్టకుండా రెండు మూతల బ్లీచు. రేకుకి సీసా పట్టేంత గుండ్రంగా కన్నం కోసి, సీసాలో మూడో వంతు పైకి, మిగతాది లోపలికి ఉండేలా దింపి, చుట్టూ సిలికాన్ పుయ్యాలి. పైన ఎండ సీసాలో పడి, నీళ్లలో వంగి, లోపల నలుదిక్కులకీ చెదురుతుంది. రేకుకి ఒట్టి కన్నం పెడితే నేల మీద రూపాయి బిళ్లంత వెలుగు పడుతుంది. సీసా పెడితే మంచి ఎండలో 40 నుంచి 60 వాట్ల పాతరకం బల్బు వేసినట్టు ఉంటుంది. నాలుగు సీసాలు పెట్టాను. మొదటి వానకి రెండు కారాయి, రేకు మీద తుప్పు గీకకుండా సిలికాన్ పూశాను కాబట్టి. గీకి, తుడిచి, మళ్లీ పూశాక కారలేదు. మావి ఇనుప రేకులు. సిమెంటు రేకులైతే కొయ్యొద్దు, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి పోతే తిరిగి రాదు.

ఇక బ్యాటరీ కరెంటు. లారీ బ్యాటరీ ఏడాది కూడా నిలవలేదు. అది ఇంజను స్టార్టు చెయ్యడానికి ఒక్క క్షణం బలంగా తన్నేది, రాత్రంతా నిదానంగా ఇచ్చేది కాదు. ఇప్పుడున్నది 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, 165 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు. మాది భూమధ్యరేఖకి 15 డిగ్రీల పైన కాబట్టి ప్యానెలు దక్షిణం వైపు తిప్పి అంతే వాలు ఇవ్వాలి. కోణమానిని అక్కర్లేదు, మీటరు పొడవుకి వెనక అంచు 26 సెంటీమీటర్లు లేపితే సరిపోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకునేవాణ్ణి. రోహిణి కార్తెలో కొలిస్తే మాఘమాసం కంటే తక్కువ వచ్చింది. ప్యానెలుకి వెలుతురు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. ఎండాకాలం ప్యానెలు ఒళ్లు 65 డిగ్రీలు దాటుతుంది, అంటే ఆరో వంతు అక్కడే పోయింది. నేను మొదట ప్యానెళ్లని రేకుకి అతికినట్టు బిగించాను. తర్వాత కింద గాలి ఆడేలా జానెడు ఎత్తు లేపాను.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. తొట్టిలోంచి పై ట్యాంకుకి నీళ్లు తోడ్డానికి 12 వోల్టుల చిన్న పంపు పెట్టాను. ఇంట్లో ఉన్న బ్యాటరీ నుంచి తొట్టికి 20 మీటర్లు. షాపులో మిగిలిన 1.5 స్క్వేరు, అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు చుట్ట ఉంటే అదే లాగాను. పంపు మూలుగుతుంది గానీ నీళ్లు ఎక్కవు. పంపు పాడైందని విప్పాను, బుష్షులు చూశాను, మళ్లీ బిగించాను. రెండు రోజులు. ఆఖరికి పంపు దగ్గర మల్టీమీటరు పెడితే 8.6 వోల్టులు. బ్యాటరీ దగ్గర 12.5. మిగతా దాదాపు 4 వోల్టులూ వైరే తినేసింది. 230 వోల్టుల లైనులో 4 వోల్టులు పోతే ఎవరికీ తెలియదు, 12లో 4 పోతే మూడో వంతు పోయినట్టు. పైగా దారి 20 మీటర్లు కాదు, పోనూ రానూ 40. వేలమందికి మోటార్లు చుట్టి, "వైరు సన్నదేశావయ్యా, అందుకే కాలింది" అని రైతుల్ని కసురుకున్న నోరిది. 6 స్క్వేరు వైరు లాగాక నీళ్లెక్కాయి. మా ఆవిడకి మాత్రం పంపు బాగుచేశానని చెప్పాను. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

దానికన్నా పెద్ద తప్పు ఇంకోటి. ఒక సాయంత్రం ట్యూబులర్ బ్యాటరీ నట్టు వదులుగా ఉందని బిగిస్తున్నాను. ఇనుప స్పానరు. బ్యాటరీ ప్లస్సుకీ ఇన్వర్టరుకీ మధ్య ఫ్యూజు లేదు, రేపు పెడదాం రేపు పెడదాం అని నెల గడిచింది. చెయ్యి జారింది. స్పానరు ఒక కొస ప్లస్సు మీద, ఇంకో కొస మైనస్సు టెర్మినల్ మీద పడింది. ఠప్పుమన్న చప్పుడు వినపడే లోపలే కళ్ల ముందు తెల్లటి మెరుపు. స్పానరు అతుక్కుపోయింది. మొద్దుబారిపోయి ఒక క్షణం అలాగే చూశాను. అది ఎర్రబడ్డం మొదలైంది. పక్కనున్న రోకలితో ఒక్క పోటు పొడిస్తే ఎగిరిపడింది. పడిన చోట గోనెసంచి కాలి గుండ్రటి కన్నం. చూపుడు వేలి మీద ఉంగరం పెట్టినట్టు మచ్చ ఇప్పటికీ ఉంది. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటాం. షాక్ కొట్టదు నిజమే. కానీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదలగలదు, పైగా చార్జింగు చివర్లో హైడ్రోజన్ వదుల్తుంది, ఆ గాలి నిలిచిన గదిలో ఒక నిప్పురవ్వ చాలు. ఆ రోజు కిటికీ తెరిచి ఉండబట్టి ఈ పోస్టు రాస్తున్నాను.

మర్నాడే బ్యాటరీ ప్లస్సుకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాను. స్పానరు పిడికి మొత్తం టేపు చుట్టాను. బ్యాటరీని గాలాడే చెక్క పెట్టెలోకి మార్చాను, టెర్మినళ్లకి వ్యాజ్‌లిన్ పూశాను, సముద్రం గాలికి ఇక్కడ ఏ లోహానికైనా నెల తిరక్కుండా చిలుమో తుప్పో పడుతుంది. ఇంకో మాట. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. మా జిల్లాలో ఊరికో మంచినీళ్ల ప్లాంటు ఉంది కదా అని క్యాను నీళ్లు పోసేవాళ్లని చూశాను. అవి తాగడానికి బాగుంటాయి, బ్యాటరీకి పనికిరావు.

రోజుకి మా ఖర్చు 0.9 యూనిట్ దాకా ఉంటుంది. 28 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు రెండు, అవే ఎక్కువ తింటాయి. 7 వాట్ల బల్బులు ఆరు. పంపు గంటసేపు. ఫోన్లు, రేడియో. ఫ్యాన్లూ బల్బులూ 12 వోల్టులవే కొన్నాను, ఇన్వర్టరు ఊరికే ఆన్‌లో ఉన్నా రాత్రంతా కొంత మింగుతుంది కాబట్టి. దాన్ని పగలు మిక్సీ వేసేటప్పుడే ఆన్ చేస్తాం. ఇస్త్రీపెట్టె లేదు. చొక్కాలు మడతపెట్టి పరుపు కింద పెడితే చాలదా అంటే, పెళ్లిళ్ల సీజన్‌లో చాలదు. ఊళ్లో ఇచ్చి చేయించుకుంటాం.

గోబర్ గ్యాస్ గురించి చాలామంది అడుగుతారు. 2022లో దీనబంధు రకం, 2 ఘనపు మీటర్లది కట్టించాను. మేస్త్రీ తెలిసినవాడై ఉండాలి, ఇటుక గుమ్మటంలో వెంట్రుకంత పగులున్నా గ్యాసు నిలవదు. దానికి రోజుకి 50 కిలోల పేడ కావాలి, మా నాలుగు బర్రెలకీ సరిగ్గా సరిపోతుంది. పేడకి సమానంగా నీళ్లు కలిపి పొయ్యాలి. మొదటిసారి నిండా పోసి మూడు వారాలు ఎదురుచూసి, గ్యాసొచ్చిందని స్టవ్వు అంటిస్తే అగ్గిపుల్ల ఆరిపోయింది. మళ్లీ అంటిస్తే మళ్లీ ఆరింది. మోసపోయామనుకున్నాం. మొదట వచ్చేది చాలావరకు కార్బన్ డయాక్సైడట, దాన్ని గాల్లోకి వదిలేసి ఆగాలి. ఇంకో వారానికి నీలంగా, చప్పుడు లేకుండా వెలిగింది. అప్పటి నుంచి టీలు, రెండు పూటల కూరలు దాని మీదే, అన్నం, దాణా పొట్టు పొయ్యి మీద. బయటికొచ్చే మడ్డి మామిడి చెట్లకి వేస్తాం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, రెండు రోజుల ముందు నుంచే మాకు వాన, ఈదర. 3వ తేదీ పొద్దున్నే నేను చేసిన మొదటి పని ప్యానెళ్లు విప్పి తెచ్చి మంచం కింద పెట్టడం. ఒక్కోదానికి 4 బోల్టులే. ప్యానెలు గాలికి తెరచాప లాంటిది, రేకుతో సహా లేచిపోతుంది. అప్పటికి బ్యాటరీ నిండా ఉంది. ఫ్యాన్లు ఆపేసి, ఒకే ఒక్క బల్బు వేసుకుంటే వారం వస్తుందని లెక్క. పడుకునే గదిలో అమ్మ దీపం పెట్టింది. గాజుగ్లాసులో ముప్పావు నీళ్లు, పైన రెండు వేళ్ల మందం వంటనూనె, రేకుముక్కకి బెజ్జం పెట్టి బెండు మీద నిలిపిన వత్తి. నూనె అయిపోతే వత్తి నీళ్లలో మునిగి దానంతటదే ఆరిపోతుంది. నిద్రలో ఉన్నా భయం లేదు.

లైను కరెంటు పోయేసరికి పక్క రొయ్యల గుంటల కాపలావాళ్లు ఫోన్లు పట్టుకుని వానలో తడుస్తా వచ్చారు. వాళ్ల గుంటల దగ్గర జనరేటరు ఉంది, ఏరేటర్లు ఆగితే రొయ్య తెల్లారేసరికి తేలిపోతుంది, డీజిలంతా దానికే దాచుకుంటున్నారు. మొత్తం 11 ఫోన్లు. ఒక్కో ఫోను నిండడానికి 25 వాట్ అవర్లు పోతాయనుకుంటే, నా చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతు ఒక్క పూటకే. అప్పుడు నా మేధస్సు బయటికొచ్చింది. పాత ఎలక్ట్రిక్ సైకిలు మోటారు, అయస్కాంతాలున్న 24 వోల్టులది, ఎప్పుడో స్టాండు వేసిన సైకిలు వెనక చక్రానికి బిగించి పెట్టుకున్నాను, ఇలాంటి రోజు కోసమే. మోటారుని తిప్పితే అదే జనరేటరు. మా మేనల్లుడు అప్పుడు మా ఇంట్లోనే చిక్కుకుపోయి ఉన్నాడు. "తొక్కరా" అన్నాను. 40 నిమిషాలు తొక్కాడు. చెమటలు కారిపోతున్నాయి. మీటరు చూస్తే 45 వాట్లకి అటూ ఇటూ ఆడుతుంది. మొత్తం కలిపితే 30 వాట్ అవర్లు. ఒక ఫోను.

"ఇంకెన్ని ఉన్నయ్ మామా?" అన్నాడు రొప్పుతా.

"పది."

వాడు సైకిలు దిగి అమ్మ దగ్గరికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "వాడు తిన్న అన్నానికైనా ఆ కరెంటు సరిపోయిందా?" అని అమ్మ అడిగింది. ఫోన్లన్నిటినీ 30 శాతం దాకా ఎక్కించి, ఇంటికి కబురు చెప్పుకుని ఆపెయ్యండి అని ఇచ్చేశాను. ఆ రాత్రే వాళ్ల షెడ్డుకి వెళ్లాల్సొచ్చింది. చలికి చిల్లబొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని, జల్లు కొడుతుందని తలుపు బిగించుకున్నారు. ముందు తలుపు తీయించాను. తిట్టుకున్నారు. బొగ్గు మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మత్తులో పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. జనరేటరు పొగ కూడా అంతే.

వాన తెరిపిచ్చాక మా బావమరిది వచ్చాడు, రెండు పవర్ బ్యాంకులు జేబులో వేసుకుని. ఆయన మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది, నా దానికి తొమ్మిది రెట్లు. "ఎండ కాస్తంది బావా, పైన ప్యానెళ్లున్నయ్, ఇంట్లో చీకటి. నాకేదో అంటగట్టారు" అన్నాడు. అంటగట్టడం కాదు. ఆయనది ఆన్‌గ్రిడ్. లైనులో కరెంటు ఉంటేనే దాని ఇన్వర్టరు పనిచేస్తుంది. లైను పోయినా అది నడుస్తుంటే, తెగిన తీగని పట్టుకున్న లైన్‌మ్యాన్‌కి మన మేడ మీది కరెంటు కొడుతుంది, అందుకని దానంతటదే ఆగేలా చేస్తారు. తుపాను రోజుల్లో కూడా వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు వేయించుకోవాలి, దాని ఖర్చు వేరు. బిల్లు తగ్గించుకోవడానికి ఆయనది మంచిది, లైను లేని చోటికి నాది. కొనేటప్పుడు ఈ ఒక్క ముక్క ఎవరూ ఆయనకి చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ ఫ్రిజ్. మా ఆవిడ ఇన్నేళ్లలో గట్టిగా అడిగింది ఇదొక్కటే. చేపలు తెచ్చిన పూటే వండాలి, పెరుగు ఎండాకాలం సాయంత్రానికి పులిసిపోతుంది, నిజమే. చిన్న సింగిల్ డోరుదైనా మా వేడికి రోజుకి 0.6 యూనిట్ దాకా తింటుంది. మళ్లీ అదే అంకె, ఆ రోజు హీటరు కడ్డీ అడిగినంత. ఇంకో 165 వాట్ల ప్యానెలు, ఇంకో బ్యాటరీ కావాలి. ఈసారి లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ తీసుకుందామని చూస్తున్నాను, సగం దగ్గర ఆగనక్కర్లేదు, నీళ్లు పొయ్యనక్కర్లేదు, కాకపోతే రేటు గుండె మీద కూర్చుంటుంది. బర్రె ఈనితే చూద్దాం అనుకున్నాం.

ప్యానెలు ఎక్కడ పెట్టాలో నిన్న తాడు పట్టి కొలిచాను. రేకుల మీద పడమటి వైపే ఖాళీ ఉంది. మూడింటి నుంచి అక్కడ మామిడి కొమ్మ నీడ పడుతుంది. ఆ కొమ్మ కొట్టెయ్యాలి. అది మా నాన్న అంటు కట్టిన చెట్టు, కొమ్మ కాదు కదా రెమ్మ కూడా ముట్టనివ్వనని అమ్మ దాని కిందే మంచం వేసుకుని పడుకుంది.